మొలిచింది సరే, పెరిగిందా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక సైన్స్ పేజీలో విత్తనాల మీద రేడియేషన్ ప్రభావం గురించి ఒక వ్యాసం వేశారు. రెండుసార్లు చదివాను. గామా కిరణాలు పెట్టిన గింజలు, పెట్టని గింజలు ఇంచుమించు సమానంగా మొలకెత్తాయని, అందుకని విత్తనానికి రేడియేషన్ వల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ ఉండదని అందులో తేల్చేశారు. సమానంగా మొలకెత్తాయన్నది నిజమే అయ్యుంటుంది, నేను కాదనను. దాన్నుంచి లాగిన రెండో మాటే తప్పు. చాలామంది చేసే తప్పే ఇది. నేనూ ఒకప్పుడు చేశాను కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టి చదవండి.

నేను కొత్త మొక్కల రకాలు తయారుచేసే ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. కిరణాలు పెట్టించి తెచ్చిన గింజల్ని ట్రేలలో వేయడం, రోజూ లెక్కపెట్టడం, స్కేలు పెట్టి కొలిచి రిజిస్టర్‌లో రాయడం నా పని. చేరిన కొత్తలో మూడు ట్రేలు ఇచ్చారు. మూడింట్లోనూ బార్లీ గింజలే. మొదటి ట్రేలోవి మామూలు గింజలు, రెండో దానికి 300 గ్రేల డోసు, మూడో దానికి 3,000 గ్రేలు (గ్రే అంటే గింజ ఎంత రేడియేషన్ పీల్చుకుందో చెప్పే కొలత). మూడో రోజు పొద్దున చూస్తే మూడు ట్రేలలోనూ తెల్లటి వేళ్లు బయటికొచ్చి ఉన్నాయి. మూడో ట్రే ఒక పూట వెనకబడిందేమో అంతే, లెక్క మాత్రం దాదాపు ఒకటే. నేను సంతోషంగా "తేడా లేదు" అని రాసేశాను. మా సీనియర్ మేడమ్ వెనకనుంచి వచ్చి చూసి, "తొందరపడి రాసెయ్యకు తల్లీ, పదో రోజు చూసి రాయి" అన్నారు.

పదో రోజుకి మొదటి ట్రేలో పైరు జానెడు ఎత్తు లేచి, రెండో ఆకు కూడా విచ్చుకుంది. రెండో ట్రేలో అందులో సగం ఎత్తుంది, ఆకులు కొన్ని ముడతలు పడి ఉన్నాయి, ఒకటి రెండింటి మీద పసుపు చారలు కూడా కనిపించాయి. మూడో ట్రేలో మొక్కలు బొటనవేలంత దగ్గర ఆగిపోయాయి. వాడిపోలేదు, కుళ్లలేదు, పచ్చగానే ఉన్నాయి. మామూలు వాటికంటే ముదురు పచ్చగా, బిరుసుగా ఉన్నాయి కూడా. కానీ ఒక్క ఆకు దగ్గరే ఆగిపోయి, రెండో ఆకు అనేదే రాలేదు. ఒకదాన్ని మెల్లగా పీకి చూశాను. వేరు పొట్టిగా మొద్దులా ఉంది, పిల్లవేళ్లు లేవు. మామూలు వేరుకి చివర కొంత భాగం నున్నగా ఉండి ఆ పైన నూగు మొదలవుతుంది, దీనికి మాత్రం నూగు కొసదాకా వచ్చేసింది. కొస దగ్గర కొత్తగా పెరిగే భాగం పనిచేయడం మానేస్తే అలాగే అవుతుందని మేడమ్ చెప్పారు. ఇంకో వారం పది రోజులకి ఆ ట్రేలో ఉన్న పచ్చదనం కూడా మెల్లగా పాలిపోయి పోయింది.

ఇదెలా సాధ్యం, చచ్చిపోయేదే అయితే అసలెందుకు మొలిచింది అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. దానికి జవాబు తెలిస్తే మీ వ్యాసంలో పొరపాటు ఎక్కడుందో దానంతటదే తెలిసిపోతుంది.

ఎండిన గింజ అంటే ఖాళీ డబ్బా కాదు. లోపల పిల్లమొక్క అప్పటికే తయారై ఉంటుంది. మొదటి వేరు, మొదటి రెండు మూడు ఆకులు, అన్నీ బుల్లిబుల్లి రూపంలో మడిచి పెట్టి ఉంటాయి, పక్కనే తిండి కూడా ఉంటుంది. నీళ్లు తగిలితే ఆ కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, సాగుతాయి. వేరు గింజ తొక్కని చీల్చుకుని బయటికి రావడానికి ఆ సాగడం ఒక్కటి చాలు, కొత్త కణాలు పుట్టాల్సిన పనే లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 1960ల్లో ఆలన్ హేబర్ బృందం దీన్ని గోధుమ గింజల మీద చేసి చూపించింది. వేల గ్రేల గామా కిరణాలు పెట్టిన గింజల్లో కణ విభజన పూర్తిగా ఆగిపోయినా, అవి మొలిచి, ఆకు తొడిగి, కొన్ని సెంటీమీటర్లు పెరిగాయి. వాటికి గామా ప్లాంట్‌లెట్స్ అని పేరు కూడా పెట్టారు. ముందే కట్టిపెట్టిన కణాలు సాగినంత మేరే ఆ పెరుగుదల. ఉన్న సరుకు అయిపోయాక ఇక ముందుకి పోవు. నా మూడో ట్రేలో నేను చూసినవి అవే.

అసలు దెబ్బ తగిలేది కణ విభజనకి. గామా కిరణం గానీ ఎక్స్ కిరణం గానీ గింజలోంచి దూసుకుపోయినప్పుడు కొన్ని చోట్ల నేరుగా డీఎన్‌ఏని తెంపుతుంది, కొన్ని చోట్ల దారిలో ఉన్న నీటి అణువుల్ని చీల్చి ఫ్రీ రాడికల్స్‌ని, అంటే దేనితోనైనా ఇట్టే కలిసిపోయే చురుకైన ముక్కల్ని పుట్టిస్తుంది, అవి వెళ్లి డీఎన్‌ఏని కొడతాయి. డీఎన్‌ఏకి ఉన్న రెండు పోగుల్లో ఒకటి తెగితే కణం చాలావరకు బాగుచేసుకోగలదు. రెండు పోగులూ ఒకే చోట తెగితేనే కష్టం. తెగిన కొసలు అటుది ఇటు, ఇటుది అటు అతుక్కుంటాయి. ఎండిన గింజలో కణాలు నిద్రలో ఉంటాయి కాబట్టి ఇదంతా జరిగిపోయినా బయటికేమీ తెలియదు. మొలిచాక, వేరు కొసలో కణం మొదటిసారి రెండుగా చీలబోయినప్పుడు బయటపడుతుంది. తప్పుగా అతుక్కున్న క్రోమోజోమ్ (డీఎన్‌ఏ చుట్టి ఉండే పోగు) అటూ ఇటూ లాగబడి మధ్యలో వంతెనలా సాగి నిలబడిపోతుంది, లేదంటే ఒక ముక్క ఏ కణంలోకీ సరిగ్గా చేరకుండా మిగిలిపోతుంది. మైక్రోస్కోప్ కింద వేరు కొసని నలిపి రంగు వేసి చూస్తే ఆ వంతెనలు కళ్లకి కట్టినట్టు కనిపిస్తాయి, ఒకసారి చూస్తే మర్చిపోలేరు. అలాంటి కణాలు ఎక్కువైతే వేరు ఆగిపోతుంది, చిగురు ఆగిపోతుంది. అంటే గింజకి దెబ్బ తగిలే రోజు ఒకటి, ఆ దెబ్బ కనిపించే రోజు ఇంకోటి. మొలక శాతం ఈ రెంటికీ మధ్యలో తీసిన ఫొటో లాంటిది.

విత్తన పరీక్షలు చేసేవాళ్లకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. 1924లో ఏర్పడిన అంతర్జాతీయ విత్తన పరీక్షల సంఘం నియమాల ప్రకారం వేరు బయటికొస్తే మొలిచినట్టు కాదు. ఆ మొలకకి సరైన వేరు, కాండం, ఆకు ఉండి, ముందుకి మొక్కగా నిలబడగలదు అనిపిస్తేనే దాన్ని సాధారణ మొలకగా లెక్కేస్తారు. మిగతావి అసాధారణ మొలకలు, అవి శాతంలోకి రావు. బార్లీకి చివరి లెక్క ఏడో రోజున తీస్తారు. మీ వ్యాసంలో చెప్పిన ప్రయోగంలో ఏ రోజున లెక్కపెట్టారో, ఏది మొలక అనుకున్నారో, డోసు ఎంతో, ఒక్కటీ రాయలేదు. ఈ మూడూ లేకుండా "సమానంగా మొలిచాయి" అంటే అందులోంచి ఏమీ తేలదు.

డోసు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రేడియేషన్ అనగానే ఒకటే భూతం అనుకుంటాం. గ్రే అంటే కిలో పదార్థం ఒక జౌల్ శక్తిని పీల్చుకోవడం. మనిషి ఒళ్లంతటికీ ఒకేసారి నాలుగైదు గ్రేలు తగిలితే, వైద్యం అందకపోతే సగం మంది బతకరు. గోధుమ, బార్లీ గింజలు 200, 300 గ్రేలు తిని కూడా మొక్కలవుతాయి, కుంగినా సరే. ఆవజాతి గింజలైతే మరీ మొండివి, వెయ్యి గ్రేల దగ్గర కూడా చాలా మొక్కలు నిలబడతాయి. ఫాబా బీన్ అనే పెద్ద చిక్కుడు జాతి గింజ మాత్రం వంద గ్రేల దగ్గరే బాగా దెబ్బతింటుంది. గింజ సైజు చూసి ఎవరైనా ఉల్టా అనుకుంటారు, అంత పెద్ద గింజ తట్టుకోదా అని. కానీ ఇక్కడ చూడాల్సింది గింజ సైజు కాదు, కణం లోపలి కేంద్రకం, క్రోమోజోముల సైజు. ఫాబా బీన్‌కి పన్నెండే క్రోమోజోములు, ఒక్కోటి చాలా పెద్దది. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆర్నాల్డ్ స్పారో ఎన్నో జాతుల మొక్కల్ని పోల్చి, కేంద్రకం ఎంత పెద్దదైతే రేడియేషన్‌కి అంత సులువుగా లొంగుతుందని చూపించారు. గురి పెద్దదైతే దెబ్బ తప్పదు కదా. పైన్ చెట్ల క్రోమోజోములు కూడా చాలా పెద్దవి. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత పక్కనున్న పైన్ అడవి ఎర్రగా మాడిపోయి చస్తే, అదే చోట బర్చ్ లాంటి ఆకురాల్చే చెట్లు చాలావరకు తట్టుకుని నిలబడ్డాయి.

డోసు ఒకటే అయినా, గింజ ఒకటే అయినా, ఫలితం మారిపోయే ఇంకో విషయం తేమ. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మా ల్యాబ్‌లో కిరణాలు పెట్టించే ముందు గింజల్ని రోజుల తరబడి గ్లిజరిన్ ద్రావణం ఉన్న మూతగిన్నెలో ఉంచి, తేమ 12, 13 శాతానికి తెచ్చేవాళ్లం. ఎందుకీ చాదస్తం అని మొదట్లో అనుకున్నాను. మూడు నాలుగు శాతానికి ఎండగొట్టిన గింజలో కిరణాలు పుట్టించిన రాడికల్స్ కదలకుండా ఇరుక్కుని వారాల తరబడి అలాగే ఉండిపోతాయి. తర్వాత ఆక్సిజన్ ఉన్న నీళ్లలో నానబెట్టగానే అవి ఆక్సిజన్‌తో కలిసి డీఎన్‌ఏ మీద పడతాయి, నష్టం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇక నానబెట్టి మొలక మొదలైన గింజకి కిరణాలు పెడితే అది మరీ సుకుమారం, ఎండు గింజ అవలీలగా తట్టుకునే డోసుకే కుప్పకూలుతుంది. కాబట్టి ఒకరి ప్రయోగంలో 200 గ్రేలకి ఏమీ కాలేదని, ఇంకొకరి దాంట్లో సగం చచ్చాయని చదివితే ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు, గింజల తేమ ఎంతో అడగాలి.

అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన టమాటా గింజల కథ మీ వ్యాసంలోనూ ఉంది, కానీ సగమే ఉంది. 1984 ఏప్రిల్‌లో నాసా ఒక ఉపగ్రహంలో కోటీ పాతిక లక్షల టమాటా గింజలు పెట్టి పంపింది. ఏడాదిలో దించాల్సింది. షటిల్ ప్రయాణాలు వాయిదా పడటం, 1986లో చాలెంజర్ ప్రమాదం, వీటన్నిటితో ఆలస్యమై 1990 జనవరిలో గానీ కిందికి తేలేకపోయారు. ఆ గింజల్ని బడిపిల్లలకి పంచితే వాళ్లు వేసి పెంచి చూశారు, మొక్కల్లో పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. దీన్ని చూపించి "ఆరేళ్లు అంతరిక్ష రేడియేషన్ తిన్నా ఏం కాలేదు" అని మీరు రాశారు. కాకపోవడం నిజమే. కానీ మూసిన డబ్బాల్లో ఉన్న ఆ గింజలకి అన్నేళ్లలోనూ తగిలింది పది గ్రేల లోపే. టమాటా గింజ కుంగాలంటే వందల గ్రేలు కావాలి. కాబట్టి ఆ ప్రయోగం వల్ల తెలిసేది తక్కువ డోసు ఏమీ చేయలేదని, అంతకుమించి ఇంకేమీ కాదు.

ఇంకో వైపు పొరపాటు కూడా ఉంది, అది మీ వ్యాసం చివర్లో ఒక్క వాక్యంగా వచ్చింది, తక్కువ డోసు రేడియేషన్ పెడితే మొక్క ఇంకా బాగా పెరుగుతుందని. ఇది చదివి ఎవరైనా ఆశపడితే బాధ్యత ఎవరిది? కొన్ని గ్రేల డోసుతో మొలక కాస్త తొందరగా రావడం, మొదటి వారంలో వేరు కాస్త పొడుగవడం కొన్ని ప్రయోగాల్లో కనిపించిన మాట వాస్తవం. కానీ అది ఒక రకంలో కనిపించి పక్క రకంలో కనిపించదు, ఈ ఏడాది వచ్చి వచ్చే ఏడాది రాదు, మొలకలో కనిపించినా పంట దాకా నిలవదు. దీన్ని అందరికంటే గట్టిగా నమ్మి చూసింది సోవియట్ యూనియన్. 1970ల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న యంత్రాల్ని లారీల మీదికెక్కించి, కోలోస్ అని పేరు పెట్టి, అంటే కంకి అని అర్థం, పొలాల దగ్గరికి తీసుకెళ్లి విత్తే ముందు గింజలకి కిరణాలు పెట్టారు. ఆ పద్ధతి ఏ దేశంలోనూ మామూలు వ్యవసాయంలో భాగం కాలేదు, లారీల మీద తిరిగిన ఆ సీజియాన్ని వెతికి భద్రంగా దాచే పని మాత్రం తర్వాతి తరానికి మిగిలింది.

మరి రేడియేషన్ పెట్టి కొత్త రకాలు ఎలా తయారుచేస్తున్నారు అని అడగొచ్చు. నేను చేసిన ఉద్యోగమే అది కాబట్టి చెబుతాను. అక్కడ మొక్క బాగా పెరగాలని కిరణాలు పెట్టం. హెర్మన్ ముల్లర్ 1927లో ఈగల మీద, స్టాడ్లర్ 1928లో బార్లీ మీద ఎక్స్ కిరణాలతో మ్యుటేషన్లు, అంటే తర్వాతి తరాలకి కూడా వెళ్లే జన్యు మార్పులు, వస్తాయని చూపించాక మొదలైన దారి ఇది. ముందు ఏ డోసుకి మొలక ఎత్తు సగానికి తగ్గుతుందో ట్రేలలో కొలిచి చూస్తాం, దాని చుట్టుపక్కల డోసు ఎంచుకుంటాం. అంటే మొదటి తరం కుంగుతుందని తెలిసే పెడతాం. ఆ కుంగిన మొక్కల్ని బతికించుకుని, గింజలు తీసి, రెండో తరంలో వేల మొక్కలు వేసి, వాటిలో పనికొచ్చే మార్పు ఉన్న ఒకటీ అరా కోసం వెతుకుతాం. తెల్లగా పుట్టి వారంలో చచ్చే మొలకలు, పొట్టివి, గొడ్డువి, అన్నీ ఆ మడిలోనే ఉంటాయి. వాటిని దాటుకుని తరాల తరబడి ఏరితే ఒక రకం వస్తుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే జాబితాలో ఇలా వచ్చిన రకాలు 3,400కి పైనే ఉన్నాయి. ముంబై ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వేరుశనగ రకాలు కూడా ఈ దారిలో వచ్చినవే. ఈ విజయాల్ని చూపించి కిరణాలు విత్తనానికి మంచివి అనడం, ఆ మడుల్లో ఏరి పారేసిన మొక్కలన్నిటినీ లెక్కలోంచి తీసేయడమే.

భయపడేవాళ్ల కోసం ఒక మాట. గామా కిరణాలు పెట్టిన గింజ రేడియోధార్మికం కాదు. గామా కిరణాల కోసం వాడే కోబాల్ట్-60 నుంచి వచ్చే కిరణాలకి గింజలోని పరమాణు కేంద్రకాల్ని మార్చేంత శక్తి లేదు. ఆ గింజల్ని మేము చేతులతోనే పట్టుకుని నాటేవాళ్లం.

వైఫై రూటర్ పక్కన పెట్టిన గింజలు మొలవలేదనే వార్తని కూడా ఇదే వ్యాసంలో కలిపేయడం నాకు అస్సలు నచ్చలేదు. 2013లో డెన్మార్క్‌లో బడిపిల్లలు క్రెస్ అనే ఆకుకూర విత్తనాలతో చేసిన ప్రయోగం అది. ఆ పిల్లల ఉత్సాహాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ రూటర్ వేడికి ట్రేలో తడి ఆరిపోయిందా లేదా అన్నది తేల్చకుండా తప్పు తరంగాల మీద వేయకూడదు. రేడియో తరంగాలు డీఎన్‌ఏని తెంపలేవు, వాటికి ఆ శక్తి లేదు. రేడియేషన్ అనే ఒకే మాట కింద అన్నీ కలిపితే ఎండ కూడా రేడియేషనే. లెట్యూస్ గింజకి 660 నానోమీటర్ల ఎరుపు వెలుతురు చూపిస్తే మొలుస్తుంది, వెంటనే 730 నానోమీటర్ల వెలుతురు చూపిస్తే ఆగిపోతుంది, ఇది 1952లోనే తేలింది. అతినీలలోహిత కిరణాల్లో బి రకాన్ని పసిగట్టి కాండాన్ని పొట్టిగా ఉంచుకునే ప్రొటీన్ కూడా మొక్కలో ఉంది. అవన్నీ మొక్క చదువుకునే సంకేతాలు. గామా కిరణం సంకేతం కాదు, నేరుగా తగిలే దెబ్బ.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ వ్యాసానికి సవరణ వేయండి. మీ పేజీ చూసి సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టులు చేసే పిల్లలు చాలామంది ఉంటారు, మూడో రోజున మొలకలు లెక్కపెట్టి ప్రాజెక్టు ముగించేస్తారు. వాళ్లకి రెండు వారాలు ఆగమని చెప్పండి. మొలక ఎత్తు కొలవమని, వేరు పొడవు కొలవమని, రెండో ఆకు వచ్చిందో లేదో రాయమని, ఏ ట్రే ఏదో కొలిచేవాళ్లకి తెలియకుండా నంబర్లు మాత్రమే వేయమని చెప్పండి. టీచర్లకి ఈ పాటి మార్పుకి ఖర్చు కూడా ఏమీ ఉండదు, ఒక స్కేలు చాలు.

మా మేడమ్ ఆ రోజు నేను రాసిన "తేడా లేదు" అన్నదాన్ని కొట్టేయలేదు, అలాగే ఉంచి పక్కన పదో రోజు కొలతలు నాచేతే రాయించారు. ఆ పేజీ నేను కాపీ తీసి దాచుకున్నాను. సవరణతో పాటు వేస్తానంటే పంపిస్తాను, రెండు రోజుల లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు